వింటర్ ఏల్ గారికి ఒక వణుకుతున్న విన్నపం

మహారాజశ్రీ ఇంగ్లిష్ వింటర్ ఏల్ గారి దివ్యసముఖానికి,

సాయంత్రం 4 గంటలకే చీకటి పడిపోయే డిసెంబరులో, ఏల్ అనే బీరు జాతిలో చలికాలపు వారైన తమరు ఇంగ్లండు పబ్బుల్లో కొలువు తీరతారు. బీరు లాగే చేతి పంపుకు తగిలించిన బిళ్ళ మీద శాంటా తాతో, ముక్కు ఎర్రబడ్డ రెయిన్‌డీరో. కింద ‘వింటర్ వార్మర్’ అని బిరుదు. బయట చలికి చెవులు తిమ్మిరెక్కిన మాలాంటివాళ్లం ఆ బిరుదు నమ్మే లోపలికి వస్తాం. నా పేచీ అక్కడే.

గ్లాసు ముట్టుకుంటే చల్లగా ఉంటారు. సెల్లార్‌లో 11-13 డిగ్రీల దగ్గర పడుకుని, పంపు లాగగానే అదే చలితో పైకొస్తారు. పోనీ, మన వైన్ షాపు బీరులా పళ్లు జివ్వుమనే కూలింగైనా ఉంటుందా అంటే అదీ లేదు. గోడ మీద పిల్లి వాటం. గ్యాస్ కూడా బయటినుంచి ఎక్కించరు, పీపాలోనే ఈస్ట్ రెండోసారి పులిసి పుట్టించిన బుడగలే దిక్కు. ఈ పద్ధతిని కాపాడాలని 1971లో కామ్రా అనే బీరు ప్రియుల సంఘమే పెట్టారు. ఇంగ్లిష్ వాళ్లు ఐర్లండుకి సెలవులకెళ్లి మరీ పెట్టారు! బీరు మీద భక్తి అంటే అదీ.

చాలా పీపాల్లో తమరిని తేటపరచడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వేస్తారు. శనివారం నీచు ముట్టని మా రూమ్మేటుకి ఈ సంగతి రెండో పింటు (అర లీటరు పైచిలుకు గ్లాసు) సగంలో తెలిసింది. అప్పట్నుంచి శుక్రవారమే తాగుతున్నాడు.

రుచికి మాత్రం వంక పెట్టను. దీపానికి అడ్డంగా పట్టుకుంటే మాణిక్యం రంగు. మొదట ఎండుద్రాక్ష, తర్వాత కాస్త మాడిన బెల్లం పాకం, చివర్లో నాలుక వెనక హాప్స్ అనే పువ్వుల చేదు. ఆ చేదు తప్ప మిగతాదంతా ముదురుగా వేయించిన మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, మహిమ.

ఇక వేడి సంగతి. నాలుగు గుక్కలకే బుగ్గలు వెచ్చబడతాయి, కాదనను. కానీ తమరిలోని ఆల్కహాల్ చేసేదల్లా చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, నా ఒంట్లోని వేడిని పైకి తెచ్చి పారబోయడం. నా జేబులో డబ్బు తీసి నాకే చదివింపులు రాయించినట్టుంది. బస్‌స్టాప్‌కి చేరేసరికి వచ్చినప్పటికంటే ఎక్కువ వణుకు!

తమరి పూర్వీకులు ఇలా లేరు. క్రిస్మస్ రోజుల్లో ఏల్‌ని కాచి, చక్కెర, జాజికాయ, కాల్చిన ఆపిల్ గుజ్జు కలిపి ‘ల్యాంబ్స్ వూల్’ అని తాగేవారు. ఎర్రగా కాలిన ఇనుపకడ్డీని చుయ్యిమని ముంచేవారు కూడా. ఇప్పుడు తమరి వరస చూస్తే, మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టే ఉంది.

పోనీ, బిరుదుకి తగ్గట్టు చలి పోయేదాకా అయినా ఉంటారా? ఫిబ్రవరి దాటగానే మాయం. పంపుకి లేత రంగు గోల్డెన్ ఏల్ బిళ్ళ తగిలిస్తారు. బయట మార్చి నెల సన్నవాన, ఇంట్లో హీటర్ మీటరు పరుగు. ఏప్రిల్ దాకా గడువు పొడిగించగలరని ప్రార్థన. లేదంటే ఒక కుంపటి, ఇనుపకడ్డీ అయినా మంజూరు చేయించండి.

ఇట్లు,
పబ్బులోనూ మఫ్లర్ విప్పని
తమరి కస్టమరు

తా.క.: ఈ ఉత్తరానికీ, చేతిలో ఉన్న సగం పింటుకీ సంబంధం లేదు.