పియానో కచేరీలో కొత్త రచనకు చోటెక్కడ?

2022 జూన్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జరిగిన వాన్ క్లైబర్న్ పియానో పోటీ ప్రస్తావన వస్తే ఎవరైనా ముందు రఖ్మనినోవ్ మూడో కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) గురించే మాట్లాడతారు. దక్షిణ కొరియా కుర్రాడు యుంచాన్ లిమ్ పద్దెనిమిదేళ్లకే దాన్ని ఫైనల్లో వాయించి, ఆ పోటీ చరిత్రలో అందరికంటే చిన్న విజేత అయ్యాడు. ఆ వీడియోను యూట్యూబ్‌లో కోటిసార్లకు పైగా చూశారు. చూడదగ్గదే. కానీ ఆర్కెస్ట్రా అండ లేకుండా, స్టేజీ మీద ఒక్కడే కూర్చుని వాయించిన సోలో రౌండ్లలోనే లిమ్ మనకు ఎక్కువగా తెలుస్తాడని నా అభిప్రాయం.

మొదటి రౌండ్‌లో ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. లిమ్ వాయించినవాటిలో ఒక మోట్జార్ట్ సొనాటా ఉంది. మోట్జార్ట్ ఆపెరాలోని ఒక పాట మీద షోపాన్ కుర్రతనంలో అల్లిన వేరియేషన్స్ ఉన్నాయి. వాటితోపాటు ఆ పోటీ కోసమే బ్రిటిష్ పియానిస్టు, స్వరకర్త స్టీఫెన్ హఫ్ రాసిన ‘ఫ్యాన్‌ఫేర్ టొకాటా’ ఉంది. టొకాటా అంటే వేళ్ల చురుకుదనం చూపించే వేగవంతమైన రచన. మిగతావి ఎవరికి నచ్చినవి వాళ్లు ఎంచుకోవచ్చు గానీ, ఇది మాత్రం ముప్పై మందీ వాయించి తీరాలి. పైగా దాన్ని రాసినాయన ఎదురుగా న్యాయనిర్ణేతల్లో కూర్చుని వింటుంటాడు. కొత్త రచనను అందరికంటే బాగా వాయించినందుకు ఇచ్చే బహుమతి కూడా లిమ్‌కే వచ్చింది. సెమీఫైనల్ రిసైటల్‌లో, అంటే సోలో కచేరీలో, అతను ఇంకో సాహసం చేశాడు. రకరకాల స్వరకర్తలను కలిపి తన విస్తృతి చూపించుకోవడం పోటీల్లో మామూలు పద్ధతి. అతను మాత్రం ఫ్రాంజ్ లిస్ట్ ‘ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్స్’ (ఎట్యూడ్ అంటే వాయించే నైపుణ్యానికి పరీక్షగా రాసిన రచన) పన్నెండూ తీసుకుని, గంటకు పైగా ఆ ఒక్క స్వరకర్తతోనే గడిపాడు.

పాత రచన దగ్గరా, కొత్త రచన దగ్గరా వాయించేవాడికి ఎదురయ్యే పరీక్షలు వేరు. షోపాన్‌నో లిస్ట్‌నో వాయించే పద్దెనిమిదేళ్ల కుర్రాడి చెవిలో గురువు మాట ఉంటుంది, వందేళ్ల రికార్డింగులు ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వేగం పెంచాలో కోర్టో నుంచి హోరోవిట్జ్ దాకా పాత తరం పియానిస్టులందరూ చెప్పేసి ఉన్నారు. ఒప్పుకున్నా, ఎదిరించినా ఆ సంభాషణ లోపలే. నిన్నమొన్న చేతికొచ్చిన రచనకు ఆ ఆసరా ఉండదు. కాగితం మీద గుర్తులుంటాయి, అంతే. ఏ స్వరం ముఖ్యమో, ఏది నేపథ్యమో తనే తేల్చుకోవాలి. ఆ పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ సంగీతంలో అతను ఎంత బాగా నేర్చుకున్నాడో తెలుస్తుంది. కొత్త రచన దగ్గర అతనికి సొంత బుద్ధి ఎంతుందో తెలుస్తుంది.

ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నవాడు అమెరికన్ స్వరకర్త జాన్ కొరిగ్లియానో. 1985 క్లైబర్న్ పోటీకి ఆయన ‘ఫాంటాసియా ఆన్ యాన్ ఆస్టినాటో’ రాశారు. ఈ స్థాయికి వచ్చిన పిల్లల వేళ్ల చురుకుదనాన్ని మళ్లీ పరీక్షించడం దండగని, ఊహాశక్తిని పరీక్షించాలని ఆయన అనుకున్నారు. బేతోవెన్ ఏడో సింఫనీ రెండో భాగంలోని లయను ఆధారంగా తీసుకుని, మధ్యలో చిన్నచిన్న నమూనాలు పేర్చి, ఒక్కోదాన్ని ఎన్నిసార్లు తిప్పి వాయించాలో వాయించేవాళ్లకే వదిలేశారు. ఒకరి చేతిలో ఏడు నిమిషాల్లో ముగిసిన రచన ఇంకొకరి చేతిలో ఇరవై నిమిషాలు దాటింది. అన్ని పునరావృతాల మధ్య ఉత్కంఠ నిలబెట్టడమంటే మాటలు కాదు. పోటీ కోసం పుట్టిన రచనల్లో చాలావాటిని ఆ తర్వాత పట్టించుకునే నాథుడుండడు. దీన్ని, 1977 పోటీకి శామ్యూల్ బార్బర్ రాసిన ‘బలాడ్’నీ మాత్రం పియానిస్టులు ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఆ లెక్కన చూస్తే హఫ్ టొకాటా చిన్న పరీక్షే. కొద్ది నిమిషాల్లో హుషారుగా సాగి, చప్పట్లు కొట్టించే చోట ముగుస్తుంది. కొత్తది కాబట్టి సాహసం, పాతది కాబట్టి భద్రం అనుకోవడం కుదరదు. నన్నడిగితే ఆ జూన్‌లో అక్కడ వినిపించిన అత్యంత కొత్త సంగతి 1852 నాటి లిస్ట్ ఎట్యూడ్లే.

అసలు ఈ పాత, కొత్తల గీత సోలో కచేరీ పుట్టిననాడు లేదు. 1840 జూన్ 9న లండన్‌లోని హనోవర్ స్క్వేర్ రూమ్స్‌లో లిస్ట్ ‘రిసైటల్స్’ అని ప్రకటించి వాయించాడు. ఆ రోజు కార్యక్రమంలో అందరికంటే పాతవాడు బేతోవెన్. ఆయన పోయి పదమూడేళ్లే అయింది. షూబర్ట్ పోయి పన్నెండేళ్లు కూడా నిండలేదు. మిగతావన్నీ లిస్ట్ సొంతంగా రాసినవో, సమకాలికులతో కలిసి అల్లినవో. మన కాలానికి తెచ్చి చూస్తే, దాదాపు మొత్తం కచేరీ ఈ శతాబ్దపు సంగీతంతో నడిచినట్టు! పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇది మారిపోయింది. పోయినవాళ్ల సంగీతం కచేరీకి వెన్నెముక అయింది, బతికున్నవాళ్లది మర్యాద కోసం పెట్టే వంటకమైంది. మనకూ ఇది తెలియని వ్యవహారం కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మహతి, లవంగి లాంటి నాలుగు స్వరాల రాగాలతో వస్తే ఎంత రభస జరిగిందో పాత తరం శ్రోతలకు గుర్తుండే ఉంటుంది.

రెండు కాలాలనూ కలపాలంటే పక్కపక్కన పెట్టినంత మాత్రాన చాలదు, అవి ఒకదాన్నొకటి వెలిగించాలి. హంగేరియన్ స్వరకర్త జ్యోర్జ్ లిగెతి 1985 నుంచి 2001 వరకు రాసిన పద్దెనిమిది ఎట్యూడ్లు అందుకు చక్కగా సరిపోతాయి. తన పియానో రాతకు స్కార్లాటీ, షోపాన్, షూమన్, డెబ్యూసీలే మూలమని ఆయనే చెప్పుకున్నారు. మొదటిదైన ‘దెజోర్ద్ర్’లో కుడిచెయ్యి తెల్ల మెట్ల మీద, ఎడమచెయ్యి నల్ల మెట్ల మీద నడుస్తాయి. రెండూ కలిసే మొదలవుతాయి. కుడిచెయ్యి మధ్యమధ్య ఒక్కో అక్షరం ఎగ్గొడుతూ పోవడంతో ఊనికలు క్రమంగా విడిపోయి, వినేవాడికి కాళ్లకింద నేల కదులుతుంది. తని ఆవర్తనంలో లెక్క తప్పకుండా చేత్తో తాళం వేయగలిగిన మన శ్రోతకు ఇది షోపాన్ కంటే దగ్గరగా తోచినా ఆశ్చర్యం లేదు. షోపాన్ ఎట్యూడ్ల మధ్య దీన్ని పెడితే, షోపాన్‌లో కూడా రెండు చేతులు వేర్వేరు కాలాల్లో నడవడం అప్పుడు చెవిన పడుతుంది.

గెలిచాక లిమ్ దారి ఎటు సాగింది? 2024 ఫిబ్రవరిలో కార్నెగీ హాల్లో తొలి రిసైటల్ షోపాన్ ఎట్యూడ్లతో ఇచ్చాడు. ఆ ఎట్యూడ్లతోనే రికార్డు కంపెనీ డెక్కా తెచ్చిన ఆల్బమ్‌కు గ్రామోఫోన్ అవార్డు వచ్చింది. 2025లో బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ పట్టుకుని తిరిగాడు. వాటికి ముందు తన దేశపు యువ స్వరకర్త హనురిజ్ లీ చిన్న రచన వాయించాడు. ఎవరూ నిర్బంధించకుండా తనంతట తాను ఎంచుకున్న కొత్త సంగీతం అది. మెచ్చుకోవాలి. అయినా టికెట్లు బాఖ్ పేరు మీదే అమ్ముడయ్యాయన్నది దాచేస్తే దాగేది కాదు. ఇరవయ్యొక్కేళ్ల పియానిస్టును తప్పుపట్టలేం. హాలు నిండాలి, రికార్డు కంపెనీకి తెలిసిన పేరు కావాలి.

పోటీ నిర్వాహకులకు ఆ ఇబ్బంది లేదు. క్లైబర్న్ పోటీకి శ్రోతలు విజేత ఎవరవుతారోనన్న ఉత్సుకతతో వస్తారు, ఏం వాయించినా కూర్చుంటారు. అయినా 2025లోనూ కథ మారలేదు. గాబ్రియేలా మొంతేరో రాసిన ‘రాక్‌టైమ్’ను మొదటి రౌండ్‌లోనే అందరి చేతా వాయించేశారు. ఆ తర్వాత హాంకాంగ్‌కు చెందిన ఆరిస్టో షామ్ స్వర్ణం గెలిచేదాకా పోటీలో తప్పనిసరి కొత్త రచన మరొకటి లేదు. ఈ రచనను సెమీఫైనల్‌కు జరపాలి. అక్కడ ఒక్కొక్కరికి గంట సమయం ఉంటుంది, పోటీదారులు తక్కువమంది. ఐదు నిమిషాల టొకాటాలు కాకుండా, కొరిగ్లియానో రాసినట్టు నిర్ణయాలు వాయించేవాడికి వదిలే పావుగంట రచన అడగాలి. దాని చుట్టూ మిగతా ముప్పావుగంటలో ఏ షూమన్‌ను, ఏ లిస్ట్‌ను పేర్చుకుంటాడో పోటీదారే తేల్చుకోవాలి. మార్కులు ఆ కూర్పుకూ వేయాలి.