మాత్ర కెమెరా మింగితే సరిపోతుందా?

ఆ మెసేజ్ వారంలో ఐదుసార్లు వచ్చింది. వాకింగ్ గ్రూపులో, మా పిన్ని దగ్గర్నుంచి, చివరికి నాతో నర్సింగ్ చదివిన అమ్మాయి నుంచి కూడా! ‘పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకు పైపు కెమెరా వద్దు, పేగుకి చిల్లు పడుతుంది. మాత్ర కెమెరా మింగితే చాలు. విరేచనాల మందు కూడా తాగక్కర్లేదు. పైపే వేయించుకోవాల్సి వస్తే 4కె కెమెరా ఉన్నచోటికే వెళ్లండి.’ విజయవాడ సూర్యారావుపేటలో పదకొండేళ్లుగా ఎండోస్కోపీ గదిలోనే నా డ్యూటీ. ఇక ఊరుకోలేను.

మలద్వారం గుండా పైపు పంపి చూసే ఆ పరీక్షలో (కొలనోస్కోపీ) చిల్లు పడే ప్రమాదం ఉంది. మామూలు పరీక్షలో వెయ్యిమందిలో ఒకరికి కూడా పడదు.

4కె సంగతి తర్వాత. పైపు వెనక్కి తీసేటప్పుడు డాక్టరుగారు కనీసం 6 నిమిషాలు నిదానంగా చూశారా, అది అడగండి.

మందు తాగక్కర్లేదన్నారే, అదీ కొంప ముంచే మాట. పైపులో నీళ్లు కొట్టి కడగడానికి, పీల్చడానికి దారులుంటాయి. మాత్రకి అవేవీ లేవు. అందుకే మాత్ర మింగేవాళ్లతోనే మందు ఎక్కువ తాగిస్తారు, మింగాక అది ముందుకు కదలాలని మళ్లీ తాగిస్తారు. మొన్న ఒకాయన ముందురోజు రాత్రి వంకాయకూర తినేసి వచ్చారు. తెర నిండా గింజలే. ఎంత నీళ్లు కొట్టినా గోడకి అంటుకునే ఉన్నాయి, పీల్చే దారి మూసుకుపోయింది. పరీక్ష ఆపేశాం. చదునుగా ఉండే పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఆ గింజల కింద ఉంటే ఏ కెమెరాకి కనబడుతుంది?

పోనీ, మాత్రకి పాలిప్ కనబడిందే అనుకుందాం. ఫొటో తీస్తుంది. ఫ్రేము కట్టించుకుంటారా? దాన్ని తీయాలంటే మళ్లీ మందు, మళ్లీ ఈ పైపే. మా గదిలో బఠాణీ గింజంత పాలిప్ కనబడితే తీగ ఉచ్చు వేసి, బిగించి, అక్కడికక్కడే కోసి బయాప్సీకి పంపుతారు. పదేళ్లలో క్యాన్సర్‌గా మారగలిగేది ఆ పూటే పోతుంది.

మాత్ర మీద నాకు కోపం లేదు. 2001లో అమెరికాలో దానికి అనుమతి వచ్చిందే చిన్నపేగు కోసం. మా పైపులు అందుకోలేని చోటంతా అది చూసొస్తుంది. పెద్దపేగులో పైపు చివరిదాకా వెళ్లలేనప్పుడూ పనికొస్తుంది. కానీ పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే అక్కడే ఇరుక్కుపోవచ్చు.

ఆ మెసేజ్ ఇంతగా ఎందుకు తిరుగుతోందో నాకు తెలుసు. సిగ్గు. రక్తం పడుతున్నా మొలలేనని నెలల తరబడి సరిపెట్టుకుని వచ్చిన ఆడవాళ్లని చూశాను. వాళ్ల సిగ్గుని నేను తప్పు పట్టను. వెనక మాత్రమే తెరిచి ఉండే పాంటు ఇస్తాం, పైన దుప్పటి కప్పుతాం, మత్తిస్తారు. లేడీ డాక్టరు కావాలంటే ముందే ఫోన్‌లో అడగండి.