రావణుడి విమానాలు సరే, ల్యాబుకి డబ్బులేవి?

రావణుడి గురించి, ఆయన విమానాల గురించి మీ దగ్గర పుస్తకాలో కాగితాలో ఏమైనా ఉంటే పంపండంటూ శ్రీలంక విమానయాన అధికారులు 2020 జులైలో పేపర్లలో యాడ్ ఇచ్చారు. వాట్సాప్ ఫార్వర్డ్ అయితే నవ్వుకుని వదిలేసేవాళ్ళం, కానీ అడిగింది ఓ సర్కారు.

పురాణాల మీద పరిశోధన చేస్తే తప్పేంటి, పిల్లలకి గర్వంగా ఉంటుంది కదా అనేవాళ్ళున్నారు. అననివ్వండి. పరిశోధనకి జీడీపీలో 0.2 శాతం కూడా పెట్టని ప్రభుత్వం పరిశోధన అంటే ఒళ్ళు మండింది. 2019లో కక్ష్యలోకి వెళ్ళిన వాళ్ళ బుల్లి శాటిలైట్ పేరు కూడా రావణ-1 ఏ, బరువు కిలో చిల్లర. చేసింది ఇద్దరు లంక కుర్ర ఇంజనీర్లే, కాకపోతే జపాన్ ల్యాబులో కూర్చుని చేశారు, ఎక్కింది అమెరికా రాకెట్. వాళ్ళనేం అనట్లేదు, కష్టపడి నేర్చుకున్నారు. ఆ పని సొంత దేశంలో చేసుకోడానికి ల్యాబు ఏది? డబ్బులేవి?

పోనీ గొప్పగా చెప్పుకోడానికి నిజమైనవి లేవా అంటే బోలెడున్నాయి. శ్రీలంకలోని సమనలవేవ కొండల మీద వెయ్యేళ్ళ కిందటే నైరుతి రుతుపవనాల గాలితో ఉక్కు తీశారు. గాలికి ఎదురుగా కొండ అంచున కొలిమి కట్టేవాళ్ళు, ముందు గోడ మీంచి గాలి దూసుకెళ్తుంటే కింద మట్టి గొట్టాల్లోంచి గాలి దానంతటదే లోపలికి లాక్కునేది, తిత్తులు ఊదే మనిషితో పనే లేదు. 1990ల్లో తవ్వకాలు చేసినవాళ్ళు అలాంటి కొలిమే మళ్ళీ కట్టి మండిస్తే నిజంగానే ఉక్కు వచ్చింది, 1996లో నేచర్ పత్రికలో అచ్చయింది కూడా. తెలంగాణలోని మన కోనసముద్రం ఉక్కులాగే దీనికీ సాక్ష్యం నేలలోనే ఉంది, యాడ్ ఇచ్చి అడుక్కోనక్కర్లేదు.

మనకి నవ్వే మొహం ఉందా అంటే అదీ లేదు. రావణుడికి 24 రకాల విమానాలుండేవని, లంకలో ఎయిర్‌పోర్టులు కూడా ఉండేవని 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో చెప్పింది సాక్షాత్తూ ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వీసీ గారు! ఇక్కడ స్టేజీ మీద మాటగా ఉన్నది అక్కడ ప్రభుత్వ ప్రాజెక్టయి కూర్చుంది. రేపు ఇంకో చిన్న దేశం కూడా ఇదే దారి పడుతుంది, ల్యాబు కట్టడం కన్నా యాడ్ ఇవ్వడం చవక కదా.

శ్రీలంకలోనే మత్తలలో 2013లో తెరిచిన ఎయిర్‌పోర్టు విమానాలు రాక ఏళ్ళ తరబడి ఈగలు తోలుకుంది. అయ్యా, ముందు అక్కడికి విమానాలు తెప్పించండి, రావణుడివి తర్వాత వెతుకుదురుగాని.