గుడి అలంపురం చేరింది, ఫొటో అటక మీదే ఉంది

శ్రీశైలం జలాశయంలో నీళ్లు బాగా దిగిన వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. బురద ఆరీ ఆరని గోడలు, వేపదారు లింగం, పూజ చేస్తున్న అయ్యవారు... ఆ ఫొటో మేమూ ఏటా వేస్తూనే ఉన్నాం. గుడి చుట్టూ ఒకప్పుడు కాపురాలున్న ఊళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడుతుంటాం. అది మా లోపమే.

ఈ మధ్య ఒక నలుపు తెలుపు ఫొటో మా కంటపడింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ముందు ఒక కుటుంబం. మధ్యలో కుర్చీలో తలపాగా పెద్దాయన, ఆయన ఒళ్లో అప్పుడే పుట్టెంట్రుకలు తీయించిన పసివాడు, గుండుకు గంధం. వెనక వరసలో ఒకామె కదిలినట్టుంది, మొహం మసగ్గా పడింది. ఒక పక్కన తుంగభద్ర ఇసుక. ఆ పసివాడికి ఇప్పుడు అరవై దాటాయి.

బాదామి చాళుక్యుల నాటి ఆ కూడవెల్లి గుడి (సంగమేశ్వరం గుడి వేరు) ఇప్పుడు అలంపురంలో ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. మంచి పనే. ఏ రాయి ఎక్కడుండాలో లెక్క రాసి పెట్టుకున్నారు కాబట్టే గుడి గుడిలా నిలబడింది. దాని ముందు గుండ్లు చేయించుకున్న కుటుంబాలు ఎటు పోయాయో అంత శ్రద్ధగా రాసినవాళ్లు లేరు. ఊరి పేరే ఇంటిపేరైన వాళ్లు మనలో ఎందరో. అలాంటి ఊరు నీళ్ల కింద ఉంటే, డాలస్‌లో పుట్టిన మనవరాలు ఆ పేరును ఎక్కడ వెతుక్కోవాలి?

శిథిలాలకు పాత ఫొటోలు లేవని కాదు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి గ్రీన్‌లా 1856లోనే హంపీ శిథిలాలను ఫొటోలు తీశాడు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవన్నీ నమోదు చేశారు. కానీ పురావస్తు శాఖల పాత ఫొటోల్లో మనిషి కనిపిస్తే, చాలాసార్లు స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టిన మనిషే. అతని పేరు ఎవరూ అడగలేదు. పేర్లతో సహా మనుషులున్నది ఇళ్లలోని ఆల్బమ్‌లలోనే.

ఆ ఆల్బమ్‌ల గతి చూడండి. ముంపు బాధితుల ఇళ్లలో, వాళ్ల కుటుంబాలకు ఉద్యోగాలివ్వాలన్న 98 జీవో కాగితాలు మాత్రం భద్రంగా ఉంటాయి, ఉద్యోగంతో పని కదా. ఫొటోలు అటక మీద, రేకు పెట్టెలో. నలుపు తెలుపువి ఎలాగో నిలుస్తాయి. ఎనభైల నాటి కలర్ ప్రింట్లు ఎర్రబారిపోతున్నాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లో పెట్టినవి ఊడదీస్తే చిరుగుతున్నాయి. కొందరైతే ప్రేమకొద్దీ లామినేషన్ చేయించి మరీ పాడు చేసుకుంటున్నారు. ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపితే చాలనుకునేవాళ్లు, అది ఫొటోను కుదించేస్తుందని గమనించడం లేదు.

రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలనూ మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. శివరాత్రికి అలంపురంలో, నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరంలో ఒక బల్ల, ఒక స్కానర్, ఇద్దరు సిబ్బంది. ఫొటో అక్కడికక్కడే స్కాన్ చేసి అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. ‘మాకిచ్చి వెళ్లండి, తర్వాత చూస్తాం’ అంటే ఒక్కరూ రారు. భూమి కాగితాలిచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగిన జనం వీళ్లు. ఫొటోలో ఎవరెవరున్నారో పెద్దవాళ్ల నోటితోనే రికార్డు చేయాలి. ఆ మాటలే లేకపోతే మిగిలేది గుడి ముందు నిలబడ్డ ఎవరో కొందరు.

సర్కారు బల్ల వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే పెట్టె దించండి. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయండి. బాల్ పెన్ అచ్చు ముందుకు పడుతుంది.

మేం చూసిన ఆ కూడవెల్లి ఫొటో వెనక ఏమీ రాసి లేదు. పెద్దాయన తన తాత అని చెప్పగలిగాడు ఒకప్పటి పసివాడు. మొహం మసగ్గా పడినామె మేనత్తో, పక్కింటావిడో ఆయనకూ తెలియదు. ఆ సంగతి తెలిసిన ఆయన తల్లి రెండేళ్ల కిందటే పోయింది.