బ్యాకప్ ఆన్ చేసేసి వదిలేస్తే కుదరదు
క్లౌడ్‌లో ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్ చేస్తే ఇంక డేటాబేస్ వైపు చూసే పనే లేదని కొందరు రాస్తుంటారు, అది నేను ఒప్పుకోనన్నా. మాది కావలి, రొయ్యల మేత డీలర్ల లెక్కలన్నీ అమెజాన్ ఆర్‌డీఎస్‌లోనే ఉండాయి, అంటే అమెజాన్ వాళ్ళు క్లౌడ్‌లో నడిపే డేటాబేస్ సర్వీసు. దాంట్లో ఆటోమేటిక్ బ్యాకప్ ఎంత పెంచినా 35 రోజులే ఉంటది, ఈడ మేత అప్పేమో రొయ్యల పట్టుబడి అయ్యి డబ్బులు చేతికొచ్చిందాకా తీరదు, మధ్యలో ఎవరన్నా ఎంట్రీ తప్పు కొట్టుంటే అది అప్పుడు గానీ బయటపడదు, అప్పుడు పాత లెక్క యాడ తెస్తారు? అందుకే నెలనెలా మాన్యువల్ స్నాప్‌షాట్ (ఆ రోజుకున్న డేటాబేస్‌కి మనం తీసి పెట్టుకునే కాపీ) తీసేట్టు స్క్రిప్ట్ పెట్టుకోవాల, అది మనం డిలీట్ చేసిందాకా పోదు. ఇంకోటి, రీస్టోర్ కొడితే పాతదాని మీదకి రాదు, వేరే ఎండ్‌పాయింట్‌తో, అంటే కనెక్ట్ అయ్యే అడ్రస్‌తో, కొత్త డేటాబేస్ లేస్తది, అప్లికేషన్‌లో ఆ అడ్రస్ మార్చాల, ముందే ఒకసారి చేసి చూసుకోకపోతే సీజన్‌లో కాళ్ళూ చేతులూ ఆడవు. ఖర్చు తగ్గుద్దని టెస్ట్ డేటాబేస్ స్టాప్ చేసినా 7 రోజులకి అదే మళ్ళా స్టార్ట్ అయిపోద్ది, బిల్లు చూసుకోండి.