గాత్ పిల్లలు: మామయ్యగారి అభ్యంతరం, కోడలి జవాబు

(ఇంగ్లండులోని లీడ్స్. గుంటూరు నుంచి వచ్చిన మామయ్యగారు లెక్కల మాస్టరుగా రిటైరయ్యారు. పదిహేనేళ్ళ మనవరాలు ఈ మధ్య గాత్ పద్ధతిలోకి మారింది: ఒంటినిండా నల్ల బట్టలు, నల్ల లిప్‌స్టిక్, మెడలో వెండి శిలువ. విట్బీ ఊళ్ళో 1994 నుంచి జరుగుతున్న గాత్ సంబరానికి వెళ్తానంటోంది. పంపాలా వద్దా అన్నదే వాదం.)

మామయ్య: ఆ అవతారం ఏమిటమ్మా? సమాధులు, గబ్బిలాలు, రక్తం తాగే దెయ్యాలు. ఏదో క్షుద్రపూజల గుంపులా ఉంది.

కోడలు: పూజా లేదు, గుంపూ లేదు మామయ్యగారూ. పాటల దగ్గర మొదలైంది ఇదంతా. 1970ల చివర ఇక్కడ పంక్ సంగీతం జోరు తగ్గింది. కోపంగా అరవడం మానేసి, మనసులోని దిగులునీ భయాన్నీ పాడే బ్యాండ్లు వచ్చాయి. నార్తాంప్టన్ కుర్రాళ్ళ బ్యాండు బౌహాస్ 1979లో ‘బేలా లుగోసీస్ డెడ్’ అని తొమ్మిది నిమిషాలు దాటే పాట విడుదల చేసింది. బేలా లుగోసీ అంటే రక్తం తాగే డ్రాక్యులాగా నటించిన పాతకాలపు నటుడు. గబ్బిలాలూ శవపేటికలూ ఆ పాత సినిమాల నుంచి వచ్చినవే. కళ్ళచుట్టూ ఆ దట్టమైన కాటుక గాయని సూక్సీ సూని చూసి నేర్చుకున్నది. 1982 జూలైలో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్ తెరిచాక, ఇలాంటి పిల్లలకు కలుసుకునే చోటు దొరికింది. అయినా నలుపంటే మీకు భయమేమిటి? అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మీరు కట్టేదీ అదేగా.

మామయ్య: దీక్షతో పోలికేమిటమ్మా! దానికి నియమం ఉంది, గురుస్వామి ఉన్నాడు. ఇక్కడ చావు మీద మోజు తప్ప ఏముంది? ఆ వయసులో పాడుకోవడానికి ఇంకేమీ దొరకలేదా?

కోడలు: మీరిప్పుడు కూర్చున్న ఈ ఊరి సంగతే చెబుతాను. 1975 నుంచి ఈ చుట్టుపక్కల ఒక హంతకుడు ఆడవాళ్ళను వెంటాడాడు. పదముగ్గురిని చంపాక, 1981 జనవరిలో గానీ పట్టుబడలేదు. చీకటి పడితే ఆడపిల్లలు వీధిలోకి రావడానికి వణికేవారు. దేశమంతా ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. 1982 మొదట్లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే గాత్ బ్యాండు 1980లో ఇదే లీడ్స్‌లో పుట్టింది. అప్పటి పిల్లలు ఏం పాడాలంటారు మీరు? బయటున్న చీకటికి ఓ రాగం కట్టుకుని, పదిమంది కలిసి ఆడారు. నాకది గొప్ప ధైర్యంలా కనిపిస్తుంది.

మామయ్య: మరి అమెరికాలో స్కూలు పిల్లల్ని కాల్చి చంపినవాళ్ళో? నల్లకోట్ల గాత్‌లే అని అప్పట్లో చదివాం.

కోడలు: 1999 ఏప్రిల్ 20, కొలంబైన్. అలాగే రాశారు, టీవీల్లోనూ చెప్పారు. తీరా ఆరా తీస్తే ఆ ఇద్దరూ గాత్‌లు కారని తేలింది. కానీ మచ్చ పడిపోయింది. మిస్సోరీలో బ్లూ స్ప్రింగ్స్ అనే ఊరికి గాత్ పిల్లల ‘సమస్య’ను ఎదుర్కోవడానికి 2002లో ప్రభుత్వం 2,73,000 డాలర్లు ఇచ్చింది. సమస్య ఉందనడానికి ఆధారాలు దొరక్క 2004లో దాదాపు సగం సొమ్ము వెనక్కిచ్చేశారు.

మామయ్య: సరే, హత్యల మాట వదిలేస్తాను. కానీ ఇది వదలను. 2015లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిస్టల్ ప్రాంతపు పరిశోధన నేనూ చదివాను. 3,694 మంది పిల్లలు. పదిహేనేళ్ళప్పుడు తాము గట్టి గాత్‌లమని చెప్పుకున్నవాళ్ళకు, పద్దెనిమిదేళ్ళకు డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే మూడింతలు. తమను తాము గాయపరచుకునే అవకాశం ఐదింతలు. మన పిల్లకీ పదిహేనేళ్ళేనమ్మా.

కోడలు: ఆ లెక్క చూసి నాకూ రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కొట్టిపారేయను. కానీ గాత్ కావడం వల్లే డిప్రెషన్ వస్తుందని చెప్పలేమని ఆ పరిశోధకులే రాశారు. అంతకుముందే కుంగిపోయినవాళ్ళూ, స్కూల్లో ఏడిపింపులు పడ్డవాళ్ళూ ఇటువైపు వస్తూ ఉండొచ్చు. ఎక్కడా చోటు దొరకని పిల్ల తనలాంటివాళ్ళ దగ్గరికి చేరుతుంది. ఆ దారీ మనం మూసేస్తే గదిలో తలుపేసుకుని ఒక్కతే కూర్చుంటుంది.

మామయ్య: దిగులుపడేవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే దిగులు పెరగదా? ఒకరు చేసింది ఇంకొకరు చేయరా?

కోడలు: చేయొచ్చు. అందుకే దాని స్నేహితుల్ని ఇంటికి పిలుస్తున్నాను, అన్నం పెడుతున్నాను, కబుర్లు వింటున్నాను. బట్టలు లాక్కుంటే మనకేమీ చెప్పదు. నాకు టెన్షన్ ఎక్కడంటే, రోడ్డు మీద. 2007 ఆగస్టులో లాంకషైర్‌లోని బేకప్ ఊళ్ళో, సోఫీ లాంకాస్టర్ అనే ఇరవయ్యేళ్ళ గాత్ అమ్మాయినీ ఆమె స్నేహితుణ్ణీ పార్కులో కుర్రాళ్ళు చావగొట్టారు. అతని తలను ఒడిలో పెట్టుకుని కాపాడబోతే ఆమెనీ తన్నారు. అతను బతికాడు, ఆమె రెండు వారాలకు పోయింది. దెబ్బలు తిన్న ఆ ఇద్దరూ చేసిన నేరమల్లా వేరేగా కనిపించడమే. ఇలాంటి దాడుల్ని ద్వేషనేరాలుగా నమోదు చేయడం గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు 2013లో మొదలుపెట్టారు.

మామయ్య: అయితే మరీ పంపకూడదు.

కోడలు: తన్నినవాళ్ళకు భయపడి మన పిల్లను దాచాలా?

మామయ్య: దాచమనడం లేదు. ఒంటరిగా రైలెక్కకూడదు, రాత్రి బసకు పెద్దవాళ్ళెవరో ఒకరు తోడుండాలి. ఇంకొకటి, దాని మనసు బాగాలేదనిపిస్తే నాకు చెప్పకుండా మీలో మీరు దాచుకోవద్దు. ఆ మూడింతల లెక్క మీద మాత్రం నేను నీతో ఏకీభవించను.

కోడలు: ఏకీభవించకండి. ఆ మూడు షరతులకూ నేను సరే. అమ్మాయిని కూడా పిలిచి, ఒప్పుకుంటుందో లేదో మీరే అడగండి.