రెండున్నర అడుగుల పట్టాలు

కర్ణాటకలో బంగారుపేట నుంచి కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం మీదుగా యలహంక వైపు ఒకప్పుడు నారోగేజ్ రైలు, అంటే సన్న పట్టాల రైలు, నడిచేది. 1990ల్లో ఆగిపోయింది. బెంగళూరులో, యలహంకలోని ఒక ఇంటి వసారాలో చింతామణి వైపు మామా అల్లుళ్లు దాని మీద వాదనకు దిగారు. ఆ రైలెక్కి తిరిగినవాడు మామ. ఆపడమే మేలన్నదీ ఆయనే.

అల్లుడు: 1913లో బంగారుపేట–కోలారు లైను వేశారు మామా. 1915లో యలహంక–చిక్కబళ్లాపురం. తర్వాత రెండూ కలిశాయి. ఊళ్లకు సరైన రోడ్డు లేని రోజుల్లో వచ్చిన రైలు. దాన్ని తీసేస్తే మేలంటారేంటి?

మామ: నువ్వు ఫొటోల్లో చూశావు. నేను మామిడికాయల గంపలతో ఎక్కాను. (రెండు చేతులూ చాచి) పట్టాల మధ్య ఇంతే, రెండున్నర అడుగులు. బంగారుపేటలో మద్రాసు లైను అయిదున్నర అడుగులు. ఈ డబ్బా ఆ పట్టా ఎక్కదు. ప్రతి గంపా దించాలి, అవతలి బండికి ఎత్తాలి. కూలి దుడ్లు ఒక పక్క, నలిగిన కాయలు ఒక పక్క. నలిగిన కాయకు మార్కెట్లో ధర ఎవరిస్తారు?

అల్లుడు: సరుకు సంగతి ఒప్పుకుంటా. గేజ్ మార్చొద్దని, పట్టాలు వెడల్పు చేయొద్దని నేననడం లేదు. రెండు చివర్లూ ముందు మార్చారు. నడిమి ముక్క, కోలారు–చిక్కబళ్లాపురం, 2013 దాకా తెరవలేదు. మన చింతామణి ఉన్నది ఆ ముక్కలోనే! ఆపిన రోజుల్లో పుట్టిన పిల్లలు ఊళ్లో రైలు చూడకుండానే హైస్కూలుకొచ్చేశారు.

మామ: ఆలస్యం తప్పే. నాకూ కడుపు మండింది. కానీ ఆ చిన్న పట్టా అలాగే ఉంచితే ఏమయ్యేది? నంది కొండ చూడటానికొచ్చేవాళ్ల బొమ్మ రైలయ్యేది. ఇదే దారిలో 2021లో ఎయిర్‌పోర్ట్ హాల్ట్ పెట్టారు కదా. బెంగళూరు మెజెస్టిక్ స్టేషన్ నుంచి బండి నేరుగా అక్కడికి పోతోందంటే గేజ్ మార్చబట్టే.

అల్లుడు: ఎయిర్‌పోర్టుకు సరే. చింతామణి మనిషికో? ఇన్నేళ్లు బస్సుకు అలవాటుపడ్డవాళ్లు, ఆఫీసు టైముకు బండి ఉంటేనే వెనక్కి వస్తారు. పట్టా వేసి బండ్లు వేయకపోతే జనం ఎట్లా ఎక్కుతారు?

(మామ కాసేపు మాట్లాడలేదు.)

మామ: మీ అత్తను పెళ్లయ్యాక తీసుకొచ్చింది ఆ బండిలోనే. కిటికీలోంచి బొగ్గు నిప్పురవ్వ పడి పట్టుచీర కొంగుకు శనగగింజంత చిల్లు. ఆ చీర ఇంకా బీరువాలో ఉంది.

అల్లుడు: అయినా తీసేయడమే మేలంటారా?

మామ: అయినా అంతే. కానీ పొద్దున బెంగళూరుకు బండి మాత్రం కావాలి. అర్జీ రాయి. మొదటి సంతకం నాది.